తీగ కనిపించినా ఈల వేశాం!

మన హాస్టల్ టీవీ గదిలో ఆదివారం మధ్యాహ్నం ఏం జరుగుతుందో మీ అందరికీ తెలిసిందే. కోడికూర తిని వచ్చి నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చుంటాం. ఏదో ఛానల్లో విఠలాచార్య సినిమా వస్తుంటుంది. అస్థిపంజరం టకటకా నడిచొస్తుంది. మాంత్రికుడు గాల్లోకి లేస్తాడు. "అరేయ్, తీగ కనబడుతుందిరా!" అని ఒకడు నవ్వుతాడు, ఇంకొకడు ఈల వేస్తాడు. అయినా ఎవ్వరూ లేవరు. సరిగ్గా అప్పుడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మన పాత విద్యార్థి అన్న ఎవరైనా చూడ్డానికొస్తే మాత్రం, ఎవరో ఒకరు చటుక్కున రిమోట్ అందుకుని ఇంగ్లిష్ వార్తలు పెట్టేస్తారు!

ఎందుకు మార్చాం? మనమేమీ దొంగతనం చేయలేదే! ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వెంటాడింది. జవాబు వెతుక్కుంటూ రాసిందే ఈ వ్యాసం.

దొంగచాటు ఇష్టం

ఈ ఇష్టం మనకొక్కరికే ఉన్నది కాదు. అమెరికాలో ఎడ్ వుడ్ అనే దర్శకుడు 1950లలో 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' అనే సినిమా తీశాడు. ఎగిరే పళ్లేలకు కట్టిన దారాలు కనిపిస్తాయి. శ్మశానంలో సమాధి రాళ్లు కాలు తగిలితే ఊగుతాయి. ఒకే సన్నివేశంలో పగలూ రాత్రీ కలిసిపోతాయి. 1980లో వచ్చిన ఒక పుస్తకం దీన్ని ప్రపంచంలోకెల్లా చెత్త సినిమా అని తేల్చింది. దాంతో అప్పటిదాకా చూడనివాళ్లు కూడా వెతుక్కుని మరీ చూశారు! 1994లో టిమ్ బర్టన్ ఆ దర్శకుడి జీవితాన్నే సినిమాగా తీశాడు.

ఇలాంటి రుచిని 'క్యాంప్' అంటారు. సుసాన్ సొంటాగ్ అనే రచయిత్రి 1964లో దీని మీద పేరుపొందిన వ్యాసం రాసింది. ఆమె చెప్పినదాని సారాంశం ఇది: తీసినవాడు నిజాయితీగా, ప్రాణం పెట్టి తీయాలి, అది అతని చేయి దాటి అతిగా తయారవ్వాలి. అసలు ఆనందం అక్కడే ఉంది. కావాలని చెడగొట్టి తీస్తే ఆ రుచి వేరు. మన తెలుగులో 2014లో వచ్చిన 'హృదయ కాలేయం' ఆ రెండో రకం. అది తెలిసి చేసిన వేళాకోళం. విఠలాచార్య మాత్రం వేళాకోళం చేయలేదు. మనల్ని నిజంగానే భయపెట్టాలని, ఆశ్చర్యపరచాలని తీశాడు.

ఆ తీగ వెనక ఏముంది?

బి. విఠలాచార్య కన్నడ దేశంలో ఉడుపి ప్రాంతంలో 1920లో పుట్టారు. కన్నడ సినిమాల నుంచి తెలుగుకొచ్చి 'బందిపోటు' (1963), 'అగ్గిపిడుగు' (1964), 'జగన్మోహిని' (1978) లాంటి ఎన్నో సినిమాలు తీశారు. 1999లో కన్నుమూశారు. జనం ఆయనకిచ్చిన బిరుదు 'జానపద బ్రహ్మ'. తక్కువ డబ్బుతో, అనుకున్న రోజుల్లో సినిమా ముగించడం ఆయన పద్ధతి. ఏ నటుడైనా డేట్లు ఇవ్వకుండా సతాయిస్తే, ఆ పాత్రను శాపం పెట్టించి చిలకగానో మేకగానో మార్చేసి షూటింగు కానిచ్చేవారని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మరి ఆ మాయలు ఎలా చేసేవారు? సినిమా అంటే సెకనుకు 24 బొమ్మలు. మనిషి మాయమవ్వాలంటే కెమెరాను కదలకుండా బిగించి ఆపుతారు. ఆ మనిషి పక్కకు తప్పుకుంటాడు. మిగతావాళ్లు శిలల్లా నిలబడాలి. మళ్లీ కెమెరా నడుపుతారు. ఫ్రాన్సు దేశపు మెలియెస్ 1896లోనే ఈ కిటుకు వాడాడు. ఆ కాసేపట్లో ఒకరి చేయి కొంచెం కదిలినా తెర మీద బొమ్మ ఎగిరి పడినట్టు ఉంటుంది. మనం నవ్వేది అక్కడే! కథానాయకుడు ఒక్క గెంతులో కోటగోడ ఎక్కాలంటే, పై నుంచి కిందికి దూకించి ఫిల్మును వెనక్కి నడిపిస్తారు.

ఇక ఇద్దరు రామారావులు ఎదురెదురుగా నిలబడాలంటే, కటకానికి సగం నల్ల అట్ట అడ్డుపెట్టి ఒక వైపు తీస్తారు. తర్వాత ఫిల్మును వెనక్కి చుట్టి రెండో సగం తీస్తారు. రెండూ సరిగ్గా అతికాయో లేదో ఫిల్ము కడిగి వచ్చేదాకా ఎవరికీ తెలియదు. తేడా వస్తే మళ్లీ ఫిల్ము కొనాలి, మళ్లీ సెట్టు వేయాలి. డబ్బున్నవాడు మళ్లీ తీస్తాడు. లేనివాడు ఉన్నదానితోనే కథ నడిపిస్తాడు. 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్‌లే కెమెరా పనితనం చూసి ఇప్పటికీ ముక్కున వేలేసుకుంటాం. ఆయన ప్రతిభ గొప్పదే. దాని వెనక విజయా సంస్థ ఇచ్చిన సమయం, సదుపాయాలు కూడా ఉన్నాయి.

'జగన్మోహిని'లో దయ్యం కట్టెలకు బదులు తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. ఆ దృశ్యం చూసిన ఏ పిల్లవాడూ దాన్ని మర్చిపోలేదు. దానికి డబ్బు కన్నా ఊహ ఎక్కువ కావాలి.

అతి నటన ఎందుకు?

కన్నీటి సినిమాల సంగతీ ఇంతే. తల్లి గుండెలు బాదుకుంటుంది, ఉరుము ఉరుముతుంది, దీపం ఆరిపోతుంది. మనకు నవ్వొస్తుంది. కానీ ఆ నటుల్లో చాలామంది నాటకాల నుంచి వచ్చినవాళ్లు. మైకు లేని పందిట్లో చివరి వరుసలో కూర్చున్న ముసలమ్మకు కూడా వినపడాలని నేర్చుకున్న గొంతు అది. పైగా ఆ సినిమాలు ఆడింది మన ఊళ్లలోని టూరింగ్ టాకీసుల్లో. పిల్లల ఏడుపు, వేరుశనక్కాయల చప్పుడు, ఇంజను మోత మధ్య కథ అర్థం కావాలంటే మెల్లగా మాట్లాడితే కుదరదు కదా! మనం అతి అంటున్నది, నేల టిక్కెట్టు కొన్నవాళ్లకు ఇచ్చిన మర్యాద అని నాకనిపిస్తుంది. మన కత్తి కాంతారావు గారు కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టి, మొదట నాటకాలాడి వచ్చినవారే.

ఏడుపుగొట్టు సినిమాలో ఒక నిజం

హాలీవుడ్‌లో డగ్లస్ సర్క్ అనే దర్శకుడు ఇలాంటి కన్నీటి కథలే తీసేవాడు. ఇవి ఆడవాళ్ల ఏడుపుగొట్టు సినిమాలని అప్పటి విమర్శకులు చాలామంది తీసిపారేశారు. తర్వాతి తరం ఆయన్ను గొప్ప దర్శకుడని ఒప్పుకుంది. 1959లో ఆయన తీసిన 'ఇమిటేషన్ ఆఫ్ లైఫ్' గురించి మీకు చెప్పాలి.

అందులో ఒక నల్లజాతి తల్లి ఒక నటి ఇంట్లో పనిచేస్తుంటుంది. ఆమె కూతురు తెల్లగా ఉంటుంది. బడిలో తాను తెల్లపిల్లనేనని అందరినీ నమ్మిస్తుంది. ఒకరోజు మంచు పడుతోందని తల్లి బూట్లు తీసుకుని తరగతి గదికొస్తుంది. కూతురు పుస్తకం అడ్డం పెట్టుకుని మొహం దాచుకుంటుంది. చివరికి తల్లి చనిపోయాక శవపేటిక మీద పడి ఏడుస్తుంది. సంగీతం, పూలు, గుర్రపు బండి... అంతా అతే! అయినా నేను నవ్వలేకపోయాను.

ఎందుకంటే కాలేజీలో "ఎక్కడుంటావు?" అని అడిగితే నేను "మాదాపూర్‌లో" అని ఆపేస్తాను. మరీ గుచ్చి అడిగితే "హాస్టల్‌లో" అంటాను. 1998లో సైబర్ టవర్స్ వచ్చిన తర్వాత ఈ వీధుల్లో ఉద్యోగులుండే ప్రైవేటు హాస్టళ్లు బోలెడు వెలిశాయి. వినేవాళ్లు అదే అనుకుంటారు. 'సాంఘిక సంక్షేమ' అనే రెండు మాటల్ని నేను మింగేస్తాను. ఆ పిల్ల పుస్తకం అడ్డం పెట్టుకుంది, నేను ఊరి పేరు అడ్డం పెట్టుకున్నాను. మన టీవీ గదిలో రిమోట్ నొక్కిన చేయి కూడా అదే పని చేసింది.

దేనికి సిగ్గుపడాలి?

ఇంతకీ నాకు దొరికిన జవాబు ఇది. ఈ సినిమాల్లో రెండు రకాల లోపాలున్నాయి. తీగ కనబడటం, అట్ట కోట ఊగడం లేమి వల్ల వచ్చినవి. వాటిని చూసి హాయిగా నవ్వుకోవచ్చు, ఈలా వేయవచ్చు. లోపల మాత్రం చిన్నచూపు ఉండకూడదు. ఉన్నదానితో నెట్టుకొచ్చేవాళ్ల కష్టం మనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

రెండోది చూపులో ఉన్న లోపం. ఎన్నో జానపద చిత్రాల్లో అడవి మనుషులంటే ఒళ్లంతా నల్లరంగు పూసి, అర్థంలేని అరుపులు అరిపించడమే. పనివాడంటే నవ్వులాటకే. భార్యను చెంపదెబ్బ కొడితే అది బుద్ధి చెప్పడమట! వీటికి డబ్బు లేకపోవడం కారణం కాదు. వందల కోట్లు పెట్టిన సినిమాలోనూ ఇవి ఉండవచ్చు. అక్కడ మాత్రం నవ్వు ఆపి ప్రశ్న వేయాలి.

ఈ రోజు గ్రాఫిక్స్ పని మన హైదరాబాద్‌లోనే జరుగుతోంది. 2013లో ఆస్కార్ గెలిచిన 'లైఫ్ ఆఫ్ పై' గ్రాఫిక్స్‌లో ఇక్కడివాళ్ల చెయ్యి కూడా ఉంది. మనలో ఎవరో ఒకరు రేపు ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటారు. తీగను చెరిపేయడం అప్పుడు చిటికెలో పని. కానీ పొయ్యిలో కాళ్లు పెట్టాలన్న ఊహ ఏ కంప్యూటర్‌తో పాటూ ఉచితంగా రాదు.

కాబట్టి వచ్చే ఆదివారం ఎవరైనా అన్న వస్తే రిమోట్ జోలికి పోకండి. కాస్త జరిగి చోటివ్వండి. "కూర్చో అన్నా, ఇప్పుడే అస్థిపంజరం వచ్చింది" అనండి. ఈ గదిలోనే, ఈ నేల మీదే ఆయన కూడా ఈల వేసి ఉంటాడు.