తిమింగిలముల గానము

గానమునకు శిశువులును, పశువులును, పాములును గూడ పరవశించునని మన పెద్దలు చెప్పుదురు. పశువు పాడిన పాటకు మనుజుడు కరగునా? ఇందుకు సముద్రమే సాక్ష్యము చెప్పుచున్నది.

1970వ సంవత్సరమున అమెరికా గాయని జూడీ కాలిన్స్ 'ఫేర్‌వెల్ టు టార్వాథీ' యను పాటను రికార్డుగ వెలువరించెను. అది తిమింగిలముల వేటకై గ్రీన్లండు సముద్రమునకు బోవు స్కాట్లండు నావికుని వీడ్కోలు పాట. ఆమె దానికి ఏ వాద్యమును గూర్పక, హంప్‌బ్యాక్ జాతి తిమింగిలముల గొంతులనే తోడు చేసెను. చంపబోవువాని పాటయు, చావనున్న ప్రాణి గొంతును ఒక్కటిగ వినబడునప్పటికి శ్రోతల గుండెలు కలతజెందెను.

ఆ ధ్వనులను లోకమునకు వినిపించినవాడు జీవశాస్త్రజ్ఞుడు రోజర్ పేన్. అవి వట్టి యరపులు గావనియు, క్రమము తప్పక మరల మరల వచ్చు చరణములుగల గానమనియు ఆయనయు, స్కాట్ మెక్వేయు 1971లో ప్రకటించిరి.

సబ్బునకును, కృత్రిమపు వెన్నకును, యంత్రముల కందెనకును ఇరువదవ శతాబ్దమున సుమారు 29 లక్షల తిమింగిలములు బలియైనవి. హంప్‌బ్యాక్ వేటను 1966లోనే నిషేధించిరి. అయినను సోవియట్ నౌకలు దొంగచాటుగ వేటాడుచునే యుండెను. ప్రజల మనస్సు వెనుక లేని శాసనము కాగితముపైననే నిలుచును.

పాట యా మనస్సును మేల్కొలిపినది. 1972లో అమెరికా సముద్రక్షీరదముల రక్షణకు చట్టము చేసెను. వ్యాపారార్థమైన వేటను నిలుపవలెనని అంతర్జాతీయ తిమింగిల సంఘము 1982లో తీర్మానింపగా, 1986లో అది యమలునకు వచ్చెను. పాట యొక్కటియే దీనిని సాధించినదని మేమనము. శాస్త్రజ్ఞుల లెక్కలును, ప్రజల యాందోళనమును గూడ కావలసివచ్చెను. కాని నూనె పీపాల లెక్కగ నున్న ప్రాణిని కంఠముగల జీవిగ జూపినది పాటయే.

హంప్‌బ్యాక్ సంతతి పెక్కు సముద్రములలో మరల వృద్ధిజెందినది. అయినను నార్వే వేటను మానలేదు. జపాను 2019లో వ్యాపారపు వేటను తిరిగి యారంభించెను. ధ్రువసముద్రములకు బోక అరేబియా సముద్రముననే యేడాది పొడవున నుండు హంప్‌బ్యాక్‌లు, ఒమాను తీరమున నూరింటికి లోపుగనే యున్నవని యంచనా. మన పశ్చిమ తీరమునను అవి యప్పుడప్పుడు కానవచ్చును. వానికి నేడు బల్లెముకంటె వలలును, ఓడలును ఎక్కువ యపాయకరములు.

పాట విని కంటతడి పెట్టుట సులభము. వలలకును, ఓడల వేగమునకును హద్దులు పెట్టుట కష్టము. ఆ కష్టమైన పని జరిగిననే ఆ పాట సార్థకమగునని మా యభిప్రాయము.