ఉడుతేనా? అడవిలో చిన్న జీవులను పోల్చుకోవడం ఎలా

తూర్పు కనుమల్లో ఆకురాల్చే అడవి. పొద్దెక్కుతున్న వేళ బండరాళ్ల మధ్య ఎండుటాకులు గలగలమంటాయి. గోధుమ రంగు ఒళ్లు, కుచ్చుతోక ఉన్న చిన్న జంతువు ఒకటి రెండు క్షణాలు కనిపించి పొదలోకి దూరిపోతుంది. చూసినవారు 'ఉడుత' అనుకుని ముందుకు నడుస్తారు. చాలాసార్లు అది ఉడుతే. కానీ ఉడుతలతో దగ్గరి చుట్టరికం లేని, భారతదేశంలో తప్ప మరే దేశపు అడవుల్లోనూ కనిపించని జంతువు కూడా కావచ్చు. దాని పేరు మద్రాస్ ట్రీ ష్రూ.

పేరులోనే ఉడుత

ఈ జంతువును 1850లో జార్జ్ వాటర్‌హౌస్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త తొలిసారి వర్ణించారు. ఆయన పరిశీలించిన నమూనా కడప, నెల్లూరు మధ్య కొండల్లో దొరికింది. దీని శాస్త్రీయ నామం 'అనథానా ఎలియోటి'. ఇందులో రెండో మాట వాల్టర్ ఇలియట్‌ను గుర్తుచేస్తుంది. 1845లో అమరావతి స్తూప శిల్పాలను తవ్వించిన మద్రాసు అధికారి ఆయనే. మొదటి మాటకు మూలం 'వెదురు ఉడుత' అని అర్థం వచ్చే తమిళ పేరు. అంటే ఈ పొరపాటు ఇవాళ్టిది కాదు.

ఎలుకలు, ఉడుతలు రోడెంట్ల క్రమానికి చెందుతాయి. ట్రీ ష్రూలది స్కాండెన్షియా అనే వేరే క్రమం. ఒకప్పుడు వీటిని కోతులు, దేవాంగపిల్లులు ఉండే ప్రైమేట్ల క్రమంలో కూడా చేర్చారు. పగటిపూట తిరగడం, చెట్లూ రాళ్లూ ఎక్కడం వంటి ఒకే రకం జీవనం వల్ల ఉడుతకూ దీనికీ పోలిక వచ్చింది.

రెండు క్షణాల్లో ఏం చూడాలి?

పరిమాణం, తోక ఇక్కడ పెద్దగా ఉపయోగపడవు. ముందుగా మూతి చూడాలి. ఉడుత మూతి పొట్టిగా ఉంటుంది, మీసాలు పొడవుగా ఉంటాయి. ట్రీ ష్రూ మూతి సన్నగా, కోసుగా సాగి ఉంటుంది. పొడవైన మీసాలు ఉండవు. తర్వాత వీపు చూడాలి. మన ఊళ్లలోని ఉడుత వీపు మీద తెల్లని చారలు స్పష్టంగా కనిపిస్తాయి. ట్రీ ష్రూ వీపు మీద చారలు లేవు. భుజం మీద మాత్రం ఒక లేత రంగు గీత ఉంటుంది. మూడోది, అది చేస్తున్న పని. ఉడుత గింజను ముందుకాళ్లతో పట్టుకుని కొరుకుతుంది. ట్రీ ష్రూ ఎక్కువగా నేల మీద, రాళ్ల సందుల్లో పురుగుల కోసం వెతుకుతుంది. పండ్లూ తింటుంది.

వీటిలో ఏ ఒక్క గుర్తూ చాలదు. రెండు మూడు కలిసినప్పుడే పేరు ఖాయం చేయాలి.

కీటకాల్లో వేషధారులు

కీటకాల్లో పోలికకు మరో కారణం ఉంది. ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు జిల్లేడు ఆకులు తిని, అందులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. అందుకే పక్షులు ఈ నారింజ రంగు సీతాకోకచిలుక జోలికి పోవు. విషం లేని డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది అదే రంగులు ధరించి తప్పించుకుంటుంది. తేడా వెనక రెక్కలో ఉంది. ప్లెయిన్ టైగర్‌కు రెక్క మధ్య భాగంలో మూడు నాలుగు నల్ల చుక్కలు ఉంటాయి. ఎగ్‌ఫ్లైకి పై అంచు దగ్గర ఒకే మచ్చ కనిపిస్తుంది.

తేనెటీగలా పసుపు, నలుపు పట్టీలతో పూల మీద వాలే హోవర్‌ఫ్లై నిజానికి ఒక రకం ఈగ. తేనెటీగకు నాలుగు రెక్కలు, దీనికి రెండే. మీసాలు చాలా పొట్టి. కుట్టదు కూడా.

రాత్రి మెరిసే కళ్లు

చీకట్లో రంగులు, చారలు కనిపించవు. కళ్ల మెరుపే ఆధారం. చాలా నిశాచర జీవుల కంటిపొర వెనుక అద్దంలాంటి మరో పొర ఉంటుంది. అది కాంతిని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. అందువల్ల టార్చిని నడుము దగ్గర కాకుండా కళ్ల పక్కనే పట్టుకుంటేనే మెరుపు బాగా కనిపిస్తుంది. కొమ్మల్లో నెమ్మదిగా కదిలే నారింజ రంగు జంట కళ్లు దేవాంగపిల్లివి కావచ్చు. నేల మీద మంచు బిందువుల్లా మెరిసేవి తరచుగా తోడేలు సాలీళ్లు. ఉడుత, ట్రీ ష్రూ రెండూ ఆ సమయంలో నిద్రపోతుంటాయి. కాబట్టి వేళ కూడా ఒక గుర్తే.

తెలిసినంతవరకే రాయాలి

ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి వేదికల్లో సామాన్యులు కూడా తాము చూసిన జీవుల వివరాలు నమోదు చేయవచ్చు. ఏ జీవి ఎక్కడ ఉందో చెప్పే పటాలకు ఇవి ఉపయోగపడతాయి. ట్రీ ష్రూను ఉడుతగా రాస్తే, ఆ కొండ మీద అది లేనట్టే లెక్క. ఉడుతను ట్రీ ష్రూగా రాస్తే, లేనిచోట ఉన్నట్టు అవుతుంది. ఆ తర్వాత అక్కడ గనికో రోడ్డుకో అనుమతి ఇచ్చే ముందు చూసేది ఇలాంటి సమాచారాన్నే.

అందుకే తేదీ, వేళ, చోటు, చూసిన గుర్తులు వెంటనే రాసుకోవాలి. మసకగా వచ్చినా ఫొటో ఉంచుకోవాలి. మూతి కనిపించకపోతే 'చిన్న క్షీరదం' అని రాసి ఆపడం తప్పు కాదు. రిజర్వు అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు, జీవులను పట్టుకోకూడదు. దేవాంగపిల్లి వంటి వాటి కచ్చితమైన చోటును బహిరంగంగా చెప్పకూడదు. వేటగాళ్లకూ అదే సమాచారం కావాలి.