నల్లబల్లకు, వెనుక వరుసకు నడుమ

చిన్ననాటినుండి లోకమును మసకగానే చూచుచు పెరిగిన బిడ్డ, అందరికిని లోకమట్లే కనబడుచున్నదని తలచునే గాని, తన కంటిలో లోపమున్నదని చెప్పనేరదు. పెద్దలు చూపు తగ్గినప్పుడు నిన్నటి చూపుతో నేటి చూపును పోల్చుకొని వైద్యుని వెదకికొని పోవుదురు. బాలునకు పోల్చుకొనుటకు నిన్నటి మంచి చూపు గుర్తుండదు. అందుచేత నల్లబల్లపై వ్రాసిన ఏడును ఒకటిగా దించుకొని, లెక్క తప్పి, చెవి మెలిపెట్టించుకొని, తాను మందబుద్ధినని తుదకు తానే నమ్మి, క్రమముగా వెనుక వరుసకు జరిగిపోవు పిల్లలు మన పాఠశాలలలో నేటికిని కలరు. వెనుకకు జరిగినకొలది బల్ల మరింత దూరమగును.

ఇట్టి దృష్టిలోపములలో ఎక్కువగా కనబడునది హ్రస్వదృష్టి. జనులు ‘సైటు’ అనునది చాలవరకు ఇదియే. శిశువు జన్మించునప్పుడు కనుగ్రుడ్డు ముందునుండి వెనుకకు సుమారు 17 మిల్లీమీటర్ల పొడవుండి, యౌవనము నాటికి 24 మిల్లీమీటర్ల వరకు పెరుగును. ఈ పెరుగుదల మేర మీరి, ఒక్క మిల్లీమీటరు అధికమైనను చాలు, దూరమునుండి వచ్చు వెలుగు రెటీనా యను తెరపై గాక దానికి ముందే కూడుకొని, బల్లపై అక్షరములు అలుకుకొనిపోవును. ఇది తరచుగా బడికి పోవు వయసుననే మొదలై, దేహముతో పాటు తానును పెరుగుచుండును. కన్నులు చిట్లించుట, పుస్తకమును ముక్కున కానించుకొనుట, సాయంకాలమునకు తలనొప్పి యనుట దీని గుర్తులు. మరియొక గుర్తు కలదు, దానిని మనము దోషముగా ఎంచుదుము: పక్కవాని పుస్తకము చూచి వ్రాసికొనుట. కాపీ కొట్టుచున్నాడని బాలుని లేపి నిలబెట్టుటకు ముందు, బల్ల దూరముగను, స్నేహితుని పుస్తకము దగ్గరగను ఉన్నవను సంగతిని ఉపాధ్యాయుడు తలపోయవలెను.

అంతకంటె మౌనముగా హాని చేయునది ‘సోమరి కన్ను’. ఒక కన్ను స్పష్టముగను, రెండవది మసకగను ఉన్నప్పుడు, లేక ఒక కన్ను మెల్లయైనప్పుడు, మెదడు చెడ్డ బొమ్మను త్రోసిపుచ్చి మంచి కంటితోనే పని గడుపుకొనును. త్రోసివేయబడిన కన్ను నిర్మాణములో లోపమేమియు లేకయే చూచుట నేర్వకుండును. మెల్లకన్ను అదృష్టమని మురియు ఇండ్లను నేనెరుగుదును. ఆ అదృష్టము విలువ ఒక కంటి చూపు. ఏడెనిమిదేండ్లు నిండకమునుపే కనిపెట్టి, తగిన అద్దములిచ్చి, మంచి కంటిని దినమునకు కొన్ని గంటలు మూసి బలహీనపు కంటిచేత పని చేయించినచో చూపు చాలవరకు మరలును; ఆలస్యమైనకొలది మరలుట దుర్లభము.

కనిపెట్టుటకు మహాయంత్రములు అక్కరలేదు. 1862వ సంవత్సరమున స్నెల్లెన్ అను డచ్చి వైద్యుడు కూర్చిన అక్షరపటమే నేటికిని ఆధారము. 6/18 చూపనగా, ఇతరులకు 18 మీటర్లనుండి కనబడు అక్షరము ఈ బిడ్డకు 6 మీటర్ల దాపునకు వచ్చినగాని కనబడకుండుట. కాని పిల్లలు చతురులు. అరచేత కన్ను మూయుమన్నచో వ్రేళ్ల సందునుండి చూతురు. ముందువారు చదువుచుండగా విని పటము కంఠస్థము చేసికొందురు. అందుచేత అనుభవముగల పంతులమ్మ అట్టముక్కతో కన్ను మూయించి, వరుసను కుడినుండి యెడమకు చదివించును. అక్షరములు రాని పసివారికి మూడు కాళ్ల ఆంగ్లపు ‘ఇ’ చూపి, కాళ్లెటున్నవో చేతితో చూపుమన్న చాలును.

ఆంధ్రప్రదేశములో 2019 అక్టోబరు 10వ తేదీన ఆరంభమైన ‘కంటి వెలుగు’ పథకము తొలుత బడిపిల్లల కన్నులనే పరీక్షింప బూనినది. అది యుక్తమైన వరుస. అయితే పరీక్షతో పని సగమే యగును. చైనాలోని గాన్సు, షాన్‌సీ ప్రాంతములలో జరిపి 2014లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఉచితముగా కళ్లజోళ్లు పొందిన హ్రస్వదృష్టి పిల్లలు గణితపరీక్షయందు ఇతరులను మించిరి. ఆ వ్యత్యాసము స్వల్పమే. కాని జోడు చేతికందినవారిలో సగము మందియైనను దానిని ధరింపలేదని గమనించినచో, ఆ స్వల్పమే గణనీయమని నాకు తోచును. మన యిండ్లలోను జోడు పెట్టెలోనే యుండును. తోటివారు ‘సోడాబుడ్డి’ యని వెక్కిరింతురు. ఆడపిల్లకు అద్దములేమిటి, రేపు సంబంధములెట్లు కుదురునని అమ్మమ్మ నిట్టూర్చును. జోడు పెట్టుకొన్నచో సైటు పెరుగునను అపప్రథ ఒకటి. పెరుగునది కనుగ్రుడ్డు, అద్దములు దాని నెంతమాత్రమును పెంచవు.

పెరుగుదలనే కొంత వెనుకకు పట్టు ఉపాయము మాత్రము ఆరుబయటనే యున్నది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున ఒకటవ తరగతి పిల్లలను కొన్ని పాఠశాలలలో ప్రతిదినము 40 నిమిషములు అదనముగా బయట గడుపనిచ్చి మూడేండ్లు పరిశీలింపగా, అట్టి యేర్పాటు లేని బడులలో నూటికి సుమారు 40 మందికి హ్రస్వదృష్టి రాగా, ఆ యేర్పాటున్న బడులలో 30 మందికి వచ్చినది. పగటి వెలుగే ఇందుకు ప్రధానకారణమని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. ఆటల పీరియడును లెక్కలకు మార్చుకొను బడులు, మైదానమే లేని అపార్టుమెంటు బడులు ఈ సంగతి పట్టించుకొనవలసియున్నవి.

రేచీకటి మన తాతలనాటి బెడద. ఐదేండ్లలోపు బిడ్డలకు ఆరునెలల కొకమారు పోయు విటమిన్ ఎ చుక్కలు, తోటకూర, మునగాకు, బొప్పాయి దానిని దూరముంచును. ఎండకాలమున కన్నులు దురదపెట్టి నులుముకొను పిల్లలకు, మందుల దుకాణమున అడిగి తెచ్చిన స్టెరాయిడు చుక్కలను నెలల తరబడి వేయు అలవాటు మిక్కిలి ప్రమాదకరము. అవి దురదను తీర్చుచునే కంటిలో ఒత్తిడిని పెంచి, చూపు నరమును తినివేయగలవు.

జూనులో బడులు తెరచునాటికి పుస్తకములకు అట్టలు వేయించుటతో పాటు బిడ్డ కన్నులను ఒక్కొక్కటిగా పరీక్ష చేయింపుడు. జోడు వ్రాసినచో నిత్యము ధరింపజేసి, ఏటేట పవరు సరిచూపింపుడు. ఉపాధ్యాయులు ఆ పిల్లలను, పొడుగువారైనను సరే, ముందు వరుసలో గోడ ప్రక్కగా కూర్చుండబెట్టగలరు.