ధర్మపురి నుంచి అంతర్వేది దాకా 24 టేబుళ్లు

అమెరికాలో మన పెళ్లి రిసెప్షన్లకు వెళ్తే గుమ్మంలోనే ఒక బోర్డు ఉంటుంది. అందులో మన పేరు వెతుక్కోవాలి, ఎదురుగా ఉన్న టేబుల్ నంబర్ గుర్తుపెట్టుకుని లోపలికి వెళ్లాలి. ఊళ్లో బంతి భోజనాలకు ఈ బాధ లేదు, విస్తరి ఖాళీగా కనిపిస్తే కూర్చోవడమే. ఇక్కడ హాలువాళ్లకు ప్లేటు లెక్కన డబ్బు కడతాం కాబట్టి ఎవరు ఎక్కడ కూర్చుంటారో ముందే తేల్చాలి.

చిక్కల్లా ఏమిటంటే, మనవాళ్లు నంబర్‌ను నంబర్‌గా చదవరు, మర్యాదగా చదువుతారు. 2వ టేబుల్ వచ్చినవాళ్లు 1లో ఎవరున్నారో చూస్తారు. 22 వచ్చినవాళ్లు ఏమీ అనరు, కానీ వచ్చే పండక్కి ఫోన్ చేయరు.

పోయిన వేసవిలో న్యూజెర్సీలో మా అక్క కూతురి రిసెప్షన్‌కు 240 మంది అతిథులు. పది మందికో రౌండ్ టేబుల్ చొప్పున 24. "నీకు ఎక్సెల్ వచ్చు కద, ఇది నువ్వే చూడు" అని బావ ఆ పని నాకు అప్పగించాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఇరవై ఏళ్లు చేస్తే ఇంట్లో దక్కే హోదా ఇదే.

నంబర్లు వద్దని పెళ్లికూతురే అంది. మరి పేర్లు ఏం పెట్టాలి? తెలుగు సంవత్సరాల పేర్లు పెడదామని నాకే తోచింది. అరవై ఉన్నాయి, ఎన్ని టేబుళ్లకైనా సరిపోతాయి. జాబితా చదివేసరికి ఉత్సాహం చల్లారింది. దుర్ముఖి, దుర్మతి, రాక్షస, క్రోధి. వియ్యంకుణ్ని తీసుకెళ్లి 'పరాభవ' టేబుల్ దగ్గర కూర్చోబెట్టగలమా? నక్షత్రాలూ అంతే, మూల టేబుల్ ఇస్తే పెద్దవాళ్లు ఊరుకోరు. సినిమా పేర్లంటే అభిమాన సంఘాల గొడవ. మిఠాయిల పేర్లు బాగానే ఉంటాయి గానీ, షుగర్ ఉన్నవాళ్లను 'కాజా'లో కూర్చోబెట్టి ఆ ఒక్కటీ పెట్టకపోవడం అన్యాయం.

అసలు సంగతి వేరే ఉంది. అమ్మాయి వాళ్లది ధర్మపురి దగ్గర, అబ్బాయి వాళ్లది అంతర్వేది దగ్గర. పెళ్లి మాటలప్పటి నుంచి మీ తెలంగాణ, మా ఆంధ్ర అంటూ రెండు వైపులా చతుర్లు నడుస్తున్నాయి. కొన్ని చతుర్లకు నవ్వు ఆలస్యంగా వచ్చేది. హాల్లో కూడా ఇటు వాళ్లు ఇటు, అటు వాళ్లు అటు కూర్చుంటే ఆ గీత అలాగే ఉండిపోతుందని అక్క దిగులు. మ్యాప్ ముందేసుకుని చూస్తే రెండు ఊళ్లూ గోదావరి ఒడ్డునే ఉన్నాయి.

నది పొడవు 1,465 కిలోమీటర్లు. త్ర్యంబకేశ్వర్ నుంచి మొదలుపెట్టి ఒడ్డునా, ఒడ్డుకు దగ్గరలోనూ ఉన్న పేర్లు వరసగా రాస్తే సరిగ్గా 24 కుదిరాయి. నాసిక్, పైఠణ్, నాందేడ్ దాటాక మంజీర కలిసే కందకుర్తి. తర్వాత బాసర, ధర్మపురి, మంథని, ప్రాణహిత కలిసే కాళేశ్వరం, ఏటూరునాగారం, పర్ణశాల, భద్రాచలం. శబరి కలిసే కూనవరం, పాపికొండలు, పోలవరం, పట్టిసీమ, కొవ్వూరు, రాజమహేంద్రవరం, ధవళేశ్వరం, ఆత్రేయపురం. అక్కణ్నుంచి గౌతమి వైపు కోటిపల్లి, యానాం, వశిష్ఠ వైపు నరసాపురం, అంతర్వేది. హాల్లో కూడా టేబుళ్లను ఇదే వరసలో వంపులు తిప్పి వేయించాం. స్టేజీని ఎగువన కాకుండా పొడుగు గోడకు నడిమధ్య పెట్టించాం. దాని ముందుకు భద్రాచలం వచ్చింది. ఏటా సీతారాముల కల్యాణం జరిగే ఊరు కాబట్టి రెండువైపుల తల్లిదండ్రులకు అదే ఇచ్చాం. నాసిక్, పైఠణ్ పెళ్లికొడుకు మరాఠీ స్నేహితులకు వెళ్లాయి.

చుట్టాలను మాత్రం సొంత ఊరి టేబుళ్లలో కూర్చోబెట్టలేదు. ప్రతి టేబుల్‌కూ ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. కార్డు వెనక ఆ ఊరి గురించి రెండు వాక్యాలు రాశాం.

కార్డుల దగ్గర కొంత తంటా పడ్డాం. ఒక ఆన్‌లైన్ ప్రింటింగ్ సైట్ టెంప్లేట్‌లో తెలుగు పెడితే వత్తులు విడిపోయాయి. భద్రాచలం 'భద్‌రాచలం' అయింది. ఇలాంటప్పుడు అక్షరాలు సరిగ్గా కనిపించే చోట టైప్ చేసి, బొమ్మగా మార్చి పంపాలి, ప్రూఫ్ తెలుగు చదివేవాళ్లే చూడాలి. కార్డుకు ఒకవైపు తెలుగు, రెండోవైపు పిల్లల కోసం ఇంగ్లిష్ లిపి. నంబర్లను పూర్తిగా తీసేయడం కుదరదు, వడ్డించేవాళ్లకు కావాలి, అందుకే అడుగున చిన్నగా వేయించాం. గుమ్మంలో బోర్డు మీద పేర్లను ఇంటిపేరుతో కాకుండా పిలిచే పేరుతో అక్షర క్రమంలో పెట్టాలి. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో చివరి పేరు కొందరికి ఇంటిపేరు, కొందరికి సొంత పేరు, కొందరికి తండ్రి పేరు. దాన్ని పట్టుకుంటే భార్యాభర్తలు చెరో చివర తేలతారు.

బావ వాళ్లమ్మ విజిటర్ వీసా మీద వచ్చారు. ఇంగ్లిష్ రాదు. ఇక్కడి ఫంక్షన్లలో ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెడితే, మళ్లీ వాళ్లు వచ్చేదాకా కదలరు. ఆ రోజు బోర్డు మీద తన పేరు ఆవిడే చదువుకున్నారు. "నాది అంతర్వేదట" అని అందరికీ చెప్పుకుంటూ, దారిలో బాసర దగ్గర ఆగి, కాళేశ్వరం దగ్గర ఎవరినో పలకరించి దిగువకు వెళ్లారు.

ఆ టేబుల్‌లో పెళ్లికొడుకు తాతగారు ఉన్నారు. కార్డు వెనక లక్ష్మీనరసింహస్వామి గుడి, వశిష్ఠ సముద్రంలో కలిసేది అక్కడే అని ఉంది. "మా ధర్మపురిల గూడ నరసింహస్వామే" అన్నారు అత్తమ్మ. "అయితే మీ స్వామి పాదాలు కడిగిన నీళ్లేనండీ మా దగ్గరికొచ్చేది" అన్నారాయన. తర్వాత 2015 పుష్కరాల్లో ఎవరెక్కడ మునిగారో మాట్లాడుకున్నారు. 2027లో మళ్లీ వస్తాయి కదా, అప్పుడు ముందు ధర్మపురికి మీరు రావాలి, తర్వాత అంతర్వేదికి మేం వస్తామని మాట కూడా అనుకున్నారట. సాంబారు చల్లారిపోతోందని నేను వెళ్లి చెబితే ఇద్దరూ వినిపించుకోలేదు.

అన్నీ కుదిరాయని కాదు. నాందేడ్ వచ్చిన ఒక బాబాయి "మమ్మల్ని రాష్ట్రం దాటించేశారేం" అని రెండుసార్లు అడిగారు. ఏటూరునాగారంలో అయిదుగురు అటు, అయిదుగురు ఇటు కూర్చుని ఫోన్లు చూసుకున్నారు.

ఆ రిసెప్షన్‌కు వచ్చిన నాగాయలంక మిత్రుడొకాయన తన కొడుకు పెళ్లికి కృష్ణ పెడదామన్నారు. శ్రీశైలం, నాగార్జునసాగర్, అమరావతి, విజయవాడ, హంసలదీవి అని రాయడం మొదలుపెట్టాక తెలిసింది, అమ్మాయి వాళ్లది శ్రీకాకుళం. అక్కడ పారేవి నాగావళి, వంశధార. అవి కృష్ణలో కలవవు. అందుకని నదులు వదిలేసి నేత ఊళ్లు పట్టుకున్నాం. వాళ్ల వైపు పొందూరు, వీళ్ల వైపు పెడన, మధ్యలో ఉప్పాడ, మంగళగిరి, పోచంపల్లి, గద్వాల. ప్రతి టేబుల్ మీదా ఆ ఊరి గుడ్డ పరవాలని ఆలోచన. పొందూరు ఖద్దరు ఇక్కడికి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో ఆయన కనుక్కుంటున్నారు.