రాయి ఉంది సరే, గిట్టుబాటవుతుందా?

విట్బీ వెళ్లిన మన కుటుంబాలు 199 మెట్లెక్కి, ఫిష్ అండ్ చిప్స్ తిని వచ్చేస్తాయి. ఆ ఊరికి ఉత్తరం వైపు బౌల్బీ, దక్షిణాన వుడ్‌స్మిత్ అని రెండు గనులున్నాయి. రెండింటి గురీ ఇప్పుడు ఒకే ఖనిజం మీద: పాలీహాలైట్. సుమారు 26 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడున్న జెక్‌స్టైన్ సముద్రం ఎండిపోతూ మిగిల్చిన రాయి. అందులో పొటాష్, మెగ్నీషియం, కాల్షియంతో పాటు బరువులో 19 శాతం దాకా గంధకం. వేరుశనగ ఊడలు దిగే వేళ అనంతపురం రైతు జిప్సం వేసేది కాల్షియం, గంధకం కోసమే కాబట్టి, దీని విలువ మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

1973 నుంచి నడుస్తున్న బౌల్బీ గని కిలోమీటరుకు పైగా లోతు. సొరంగాలు నార్త్ సీ కిందికి వెళ్లాయి. నీటి కింద తవ్వాలంటే ఖనిజం ఎంతుందో తెలిస్తే చాలదు, పైన రాయి ఎంత గట్టిదో తెలియాలి. 1980 నవంబరులో లూసియానాలోని పెన్యూర్ సరస్సులో చమురు కోసం వేసిన బోరు కింది ఉప్పు గనిని చీల్చింది. సరస్సు మొత్తం గనిలోకి దిగిపోయింది, రిగ్గుతో సహా! కార్మికులంతా బతికి బయటపడటం అదృష్టం.

వుడ్‌స్మిత్‌ది వేరే చిక్కు. ఇక్కడ బోర్లు వేసి చూస్తే మందమైన పొర, వందల కోట్ల టన్నుల్లో లెక్క తేలింది. గని లెక్కల్లో 'వనరు' వేరు, 'నిల్వ' వేరు. భూమిలో ఉన్నది వనరు. ఖర్చులు పోను లాభానికి తవ్వగలిగినంతే నిల్వ. ఐసా ఖాతాలో గని షేర్లు కొనే మిత్రులు ఈ తేడా గమనించాలి. నేషనల్ పార్క్ అధికార సంస్థ 2015లో 8-7 ఓట్లతో అనుమతిచ్చింది. మూర్‌ల మీద లారీలు తిరగకుండా టీసైడ్ దాకా 37 కిలోమీటర్ల సొరంగం తవ్వాలి. ఆ ఖర్చుకు సిరియస్ మినరల్స్ అప్పు కోసం వెళ్లింది. ఎరువు కొంటామన్న ఒప్పందాలు చేతిలో ఉన్నా, 2019 సెప్టెంబరులో 50 కోట్ల డాలర్ల బాండ్ల అమ్మకం ఆగిపోయింది. 2020లో ఆంగ్లో అమెరికన్ షేరుకు ఐదున్నర పెన్నీలిచ్చి కంపెనీని తీసుకుంది. పొదుపు డబ్బు పెట్టిన వేలాది చిన్న వాటాదారుల్లో చాలామంది యార్క్‌షైర్ వాళ్లే. నష్టం వాళ్లకే మిగిలింది. నా దృష్టిలో భూగర్భ శాస్త్రవేత్తల లెక్క తప్పలేదు, తప్పింది డబ్బు లెక్క.

కొత్త యజమాని కూడా 2024 మేలో పనుల వేగం తగ్గిస్తున్నట్టు ప్రకటించింది.