చేతికి తగిన ఆయుధం: హ్యామర్ గల పిస్తోలు, రివాల్వర్ల ఎంపిక

ఆయుధం అనగానే సామాన్యంగా మన మనసులో మెదిలేది దాని శక్తి. యంత్రశాస్త్రం చదివినవారి దృష్టిలో మాత్రం తుపాకి కూడా ఒక యంత్రమే. ఏ యంత్రమైనా దానిని నడిపే మనిషికీ, అది పనిచేయవలసిన వాతావరణానికీ అనుగుణంగా ఉన్నప్పుడే ఉపయోగపడుతుంది. చేతి తుపాకి విషయంలో ఈ సూత్రాన్ని విస్మరిస్తే చెల్లించవలసిన మూల్యం ఒక నిండు ప్రాణం కావచ్చు. కాబట్టి ఎంపిక అనే ఈ చిన్న విషయాన్ని కొంత వివరంగా పరిశీలించడం అవసరం.

మన ద్వీపాలలో ఆయుధంతో పరిచయం గలవారు గణనీయంగానే ఉన్నారు. 1969 నుండి గ్రేట్ నికోబార్‌లోని కాంప్‌బెల్ బే ప్రాంతంలో మాజీ సైనికుల కుటుంబాలను ప్రభుత్వం స్థిరపరచింది. 2001లో దేశంలోని తొలి త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ పోర్ట్ బ్లెయిర్‌లో ఏర్పడింది. (ఈ నగరానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు.) సైన్యంలో పనిచేసి వచ్చి ప్రభుత్వ రంగ సంస్థల భద్రతా విభాగాలలో చేరిన సోదరులలో మన తెలుగువారూ ఉన్నారు. ఆత్మరక్షణకు లైసెన్సు పొందినవారు సాధారణంగా అడిగే ప్రశ్న, "ఏది మంచి తుపాకి?" అని. "నా చేతికి ఏది మంచిది?" అని అడిగేవారు అరుదు.

హ్యామర్ చేసే పని

తూటా అడుగున ప్రైమర్ అనే చిన్న మందు గిన్నె ఉంటుంది. దానిపై గట్టి దెబ్బ పడితే నిప్పురవ్వ పుట్టి లోపలి మందు అంటుకుంటుంది. ఈ దెబ్బ కొట్టడానికి రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిదానిలో స్ప్రింగు బలంతో తిరిగే సుత్తి వంటి భాగం, అంటే హ్యామర్, పిన్నును కొడుతుంది. రెండవదానిలో స్ప్రింగుతో బిగించిన పిన్నే తిన్నగా ముందుకు దూసుకుపోతుంది. దీనిని స్ట్రైకర్ పద్ధతి అంటారు.

వెలుపలికి కనిపించే హ్యామర్ వలన ఒక పెద్ద సౌలభ్యం ఉన్నది. అది వెనుకకు లాగి ఉన్నదో, ముందుకు వాలి ఉన్నదో కంటితో చూడవచ్చు. చీకటిలో బొటనవ్రేలితో తడిమి తెలుసుకోవచ్చు. అయితే హ్యామర్ వాలి ఉన్నంత మాత్రాన లోపల తూటా లేదని భావించరాదు. తెరిచి చూచిన తరువాతనే తుపాకి ఖాళీ అని నిర్ణయించాలి.

మీట బిగువు

హ్యామర్ గల ఆయుధాలలో సింగిల్ యాక్షన్, డబుల్ యాక్షన్ అని రెండు రకాలున్నాయి. సింగిల్ యాక్షన్‌లో మీట చేసే పని ఒక్కటే: ముందే వెనుకకు లాగి ఉంచిన హ్యామర్‌ను వదలడం. డబుల్ యాక్షన్‌లో అదే మీట హ్యామర్‌ను వెనుకకు లాగి, వదులుతుంది కూడా. కాబట్టి మొదటి రకానికి సుమారు 2 కిలోల బలం సరిపోతే, రెండవ రకానికి 4 నుండి 6 కిలోల వరకు అవసరం కావచ్చు. వ్రేలు ప్రయాణించే దూరం కూడా ఎక్కువే.

మన సాయుధ దళాలకు సుపరిచితమైన 9 మి.మీ. ఆటో పిస్తోలు 1ఏ సింగిల్ యాక్షన్ పద్ధతికి మంచి ఉదాహరణ. దీని మూలం 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్. జాన్ బ్రౌనింగ్ 1926లో మరణించగా, బెల్జియం ఇంజనీరు డ్యుడొన్నే సేవ్ ఆ నమూనాను పూర్తిచేశాడు. 13 తూటాలు పట్టే ఈ పిస్తోలును మన దేశంలో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసింది. ఇది బలగాల ఆయుధం. సామాన్య పౌరునికి లైసెన్సుపై లభించేవి ముఖ్యంగా .32, .22 బోర్ ఆయుధాలు.

పౌరుల చేతిలో ఎక్కువగా కనిపించే .32 రివాల్వర్ డబుల్ యాక్షన్ రకానికి చెందినది. బొటనవ్రేలితో హ్యామర్‌ను ముందే లాగి, తేలికైన మీటతో కాల్చే వీలు కూడా దీనికి ఉన్నది. గురి అభ్యాసానికి ఆ పద్ధతి బాగుంటుంది. కాని ఆపత్సమయంలో, చేతులు వణుకుతున్నప్పుడు, ఆ తేలికైన మీటే ముప్పు తెస్తుంది. కాల్చవలసిన అవసరం తప్పిపోతే, తూటాపై ఎక్కుపెట్టిన హ్యామర్‌ను వ్రేలితో నెమ్మదిగా దించవలసి వస్తుంది. చెమట పట్టిన వ్రేలు జారితే తుపాకి పేలుతుంది. ఆత్మరక్షణకు రివాల్వర్ కొనేవారు బరువైన మీటతోనే సాధన చేయడం క్షేమం. ఆ బరువును లాగగలరో లేదో కొనే ముందే తెలుసుకోవాలి.

పరీక్షించే విధానం

అంగడిలో ఈ క్రింది పరీక్షలు జరిపించమని కోరడం కొనుగోలుదారు హక్కు. ముందుగా ఆయుధం ఖాళీగా ఉన్నదని ఇద్దరు వేరువేరుగా చూచి నిర్ధారించుకోవాలి.

మొదటిది పట్టు. పిడిని పట్టుకున్నప్పుడు బ్యారెల్ ముంజేతికి సూటిగా ఉండాలి. చూపుడు వ్రేలి మొదటి కణుపు మెత్తని భాగం మీటపై ఆనాలి. వ్రేలు అందక పిడిని ప్రక్కకు త్రిప్పవలసి వస్తే, ఆ తుపాకి ఎంత పేరున్నదైనా ఆ చేతికి పెద్దది.

రెండవది మీట. నకిలీ తూటాలు పెట్టి, గోడపై ఒక గుర్తుకు గురిచూచి, డబుల్ యాక్షన్‌లో వరుసగా పది సార్లు లాగాలి. పదవసారి కూడా ముందు గురి కదలకుండా ఉంటే ఆ మీట మీకు తగినదే. .22 రకాన్ని నకిలీ తూటా లేకుండా వట్టిగా కొట్టరాదు; పిన్ను, గది అంచు దెబ్బతినే అవకాశం ఉన్నది.

మూడవది స్లయిడ్. పిస్తోలు స్లయిడ్‌ను వెనుకకు లాగడం కష్టమనిపించేవారు, ముఖ్యంగా మహిళలు, వయోవృద్ధులు, హ్యామర్‌ను ముందుగా ఎక్కుపెట్టి ఆ తరువాత స్లయిడ్ లాగి చూడాలి. హ్యామర్ స్ప్రింగు భారం తొలగిపోవడం వలన పని తేలికవుతుంది.

నాలుగవది క్రింద పడినా పేలకుండా కాపాడే ఏర్పాటు. హ్యామర్‌కూ ప్రైమర్‌కూ నడుమ అడ్డుగా నిలిచే బ్లాక్ గాని, ట్రాన్స్‌ఫర్ బార్ గాని ఉన్నదా అని విధిగా అడగాలి. పాతకాలపు ఆయుధం చేతులు మారి వచ్చినప్పుడు ఈ ప్రశ్న మరింత ముఖ్యం.

బరువు లెక్క

తేలికైన తుపాకి అందరికీ నచ్చుతుంది. 2014లో కాన్పూరులోని ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ విడుదల చేసిన 'నిర్భీక్' .32 రివాల్వర్‌ను టైటానియం మిశ్రలోహంతో, సుమారు 500 గ్రాముల బరువుతో, మహిళలను దృష్టిలో ఉంచుకొని రూపొందించారు. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డు ఏడు ప్రభుత్వ రంగ సంస్థలుగా మారిన తరువాత, వాటిలో ఒకటైన అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ 2023లో 'ప్రబల్' రివాల్వర్‌ను తెచ్చింది. దాని బరువు సుమారు 700 గ్రాములు. తూటాల చక్రం ప్రక్కకు తెరుచుకుంటుంది.

ఒకే తూటాను ఈ రెండింటిలోనూ కాల్చామనుకుందాం. వెనుకకు తన్నే శక్తి తుపాకి బరువుకు విలోమానుపాతంలో ఉంటుంది. 700 గ్రాముల దానికంటే 500 గ్రాముల దానిలో ఆ శక్తి 40 శాతం అధికం. సంచిలో మోయడానికి సుఖమైనది చేతిలో కాల్చడానికి కూడా సుఖంగా ఉంటుందని ముందుగానే అనుకోరాదు. ఎక్కువ మోసి తక్కువ కాల్చేవారికి ఒకటి, తరచు సాధన చేసేవారికి మరొకటి తగును.

పోటీ క్రీడాకారులు ఈ విషయంలో మనకు మార్గదర్శకులు. హైదరాబాదుకు చెందిన మన తెలుగు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు పోటీలో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం సాధించింది. ఆ పోటీలో మీట బిగువు 1000 గ్రాములకు తగ్గరాదనీ, పిస్తోలు బరువు 1400 గ్రాములకు మించరాదనీ నియమం. ఈ హద్దులలోనే క్రీడాకారులు చెక్క పిడిని తమ అరచేతి కొలతకు చెక్కించుకుంటారు.

ఉప్పుగాలి పరీక్ష

ద్వీపవాసులు అదనంగా ఆలోచించవలసినది తుప్పు. ఏటా సుమారు 3000 మి.మీ. వర్షం, ఏడాది పొడవునా ఉప్పుతో కూడిన తేమ. ఒక్క వర్షాకాలంలోనే స్విచ్ బోర్డు స్క్రూలు ఎర్రబారడం మనలో ప్రతి ఇంజనీరూ చూచినదే. తుపాకి ఉక్కుపై కనిపించే నల్లని పూత పలుచని ఆక్సైడ్ పొర మాత్రమే. ఉప్పును అది ఎక్కువకాలం ఆపలేదు. స్టెయిన్‌లెస్ ఉక్కు కొంత మేలు. టైటానియం సముద్రపు గాలికి బాగా తట్టుకుంటుంది. ఏ లోహంతో చేసినదైనా లోపలి స్ప్రింగులు, పిన్నులు సాధారణంగా ఉక్కువే.

హ్యామర్ కదిలే సందులోనికి తేమ, దుమ్ము సులభంగా చేరతాయి. కాబట్టి విప్పి శుభ్రం చేయడానికి సులువైన నమూనానే ఎంచుకోవాలి. తాకిన ప్రతిసారీ చెమట తుడిచి, పలుచగా నూనె పట్టించాలి. తేమను పీల్చుకునే తోలు ఒరలో ఆయుధాన్ని నిలువ ఉంచరాదు. సిలికా జెల్ ఉంచిన మూత గట్టి పెట్టె మేలు. తూటాలను వేరుగా, తాళం వేసి భద్రపరచాలి. నిర్లక్ష్యం చేస్తే అవసరానికి హ్యామర్ పడుతుంది గాని తూటా పేలదు. సాధన సమయంలో అలా జరిగితే గురివైపే చూపుతూ కనీసం 30 సెకన్లు ఆగి, ఆ తరువాతనే తెరవాలి.

చట్టం, కుటుంబం

1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. 2016 నియమావళి దరఖాస్తుదారుకు సురక్షిత శిక్షణను కూడా నిర్దేశించింది. 2019 సవరణ ఒక వ్యక్తి కలిగి ఉండదగిన ఆయుధాలను మూడు నుండి రెండుకు తగ్గించింది. పెండ్లి వేడుకలలో నిర్లక్ష్యంగా కాల్పులు జరిపితే రెండేండ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ప్రధాన భూభాగంలో లైసెన్సు పొందినవారు అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో చూచుకొనిన పిమ్మటనే ఆయుధంతో ఓడ గాని విమానం గాని ఎక్కాలి.

మన క్వార్టర్లలో గోడకు గోడ ఆనుకొని ఉంటుంది. పిల్లలు ఒక ఇంటి నుండి మరొక ఇంటికి స్వేచ్ఛగా తిరుగుతుంటారు. గురి తప్పిన తూటా ఏ ఇంట పడుతుందో ఎవరూ చెప్పలేరు. తాళం వేసే పెట్టె, నెలకొకసారి శుభ్రపరచే ఓపిక, ఏటా కొన్ని దినాలైనా శిక్షకుని సమక్షంలో సాధన చేసే తీరిక ఈ మూడూ లేనివారు ఆయుధం కొనకపోవడమే ఉత్తమం. ఇవి ఉన్నవారు పేరునూ, మెరుపునూ ప్రక్కన పెట్టి, ముందు తమ చేతిని, తరువాత మీటను, ఆపై మన ఉప్పుగాలిని లెక్కలోనికి తీసుకొని ఎంపిక చేసుకొందురుగాక.