అక్కడిప్పుడు ఎంత పొద్దెక్కింది?

మన ఉద్దానపు ఇళ్లలో చాలావాటిలో రెండు గడియారాలు నడుస్తున్నాయి. ఒకటి గోడమీద ఉంటుంది. రెండవది ఇంటివారి తలలో ఉంటుంది. పలాస, టెక్కలి మొదలుకొని వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి దాకా ఏ ఊరిలో అడిగినా, కొడుకో అల్లుడో మరిదో కువైట్‌లోనో దోహాలోనో సింగపూర్‌లోనో ఉన్నాడని చెప్పేవారు కనబడతారు. వారిలో వెల్డింగు పనివారున్నారు, కడ్డీలు కట్టేవారున్నారు, సరుకు ఓడల్లో పనిచేసేవారున్నారు. అందుచేత వంటింట్లో పొయ్యి వెలిగించే తల్లి, "ఇక్కడ ఏడైతే వాడికి ఎంత?" అని మనసులో లెక్క వేసుకొంటూనే ఉంటుంది.

ఈ లెక్క తప్పినచోట ఎన్ని చిక్కులున్నాయో ప్రియ పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. రాత్రి ఒంటిగంటకు ఫోను మోగుతుంది. ముసలితల్లి గుండె దడదడలాడుతూ లేస్తుంది.

"ఏటి నాయినా, ఇంకా నిద్దరోలేదా? ఏటైంది?"

"ఏటీ కాలేదమ్మా. ఇక్కడింకా పదిన్నరే. ఇప్పుడే కూడు తిన్నాను."

కొడుకు తప్పు లేదు, తల్లి తప్పూ లేదు. భూమి గుండ్రముగా ఉండి తిరుగుతున్నందున వచ్చిన చిక్కు ఇది. కాని అర్ధరాత్రి మోగే ఫోనంటే మన పల్లెల్లో ఒకటే భయము. ఆ భయముతో లేచిన మనిషికి తెల్లవారేదాకా మరల కన్ను మూతపడదు.

దీనికి ఉపాయము ఇప్పుడు అందరి చేతిలోనే ఉన్నది. సెల్‌ఫోనులో గడియారపు బొమ్మను తెరచి, కూడిక గుర్తును నొక్కి, ఊరి పేరు వ్రాస్తే చాలును. కువైట్, దోహా, దుబాయ్, మస్కట్, సింగపూర్, ఏ ఊరైనా దాని సమయము మన సమయము క్రిందనే నిలిచి ఉంటుంది. ఇంతకంటే ముచ్చటైనది మరొక రకము యాప్. అందులో ప్రపంచపటము మొత్తము కనబడుతుంది. పగలున్న దేశాలు వెలుగుగాను, రాత్రి ఉన్న దేశాలు నీడగాను ఉంటాయి. ఆ నీడ అంచు తూర్పునుండి పడమరకు మెల్లగా జరుగుతూ ఉంటుంది. చదువురాని అవ్వకు అంకెలతో పని లేదు. కొడుకున్న చోట వెలుగుందో చీకటుందో చూసి, "వాడికింకా పొద్దుంది, ఇప్పుడు చెయ్యొద్దు" అని ఆమే చెప్పగలదు. మా దృష్టిలో అంకెల గడియారము కంటే ఈ పటమే ఇంటికి ఎక్కువ ఉపకారి.

ఈ నీడను యాప్ ఎవరినీ అడిగి తెచ్చుకోదు. ఆ రోజు తేదీ, అప్పటి సమయము, ఈ రెండూ తెలిస్తే సూర్యుడు భూమిమీద ఏ బిందువుకు నడినెత్తిన ఉన్నాడో లెక్కకు వస్తుంది. అక్కడినుండి భూగోళములో సగము వెలుగు, సగము చీకటి. భూమి ఇరుసు ఇరవైమూడున్నర డిగ్రీలు వంగి ఉండుటచేత ఆ నీడ అంచు బల్లపరుపు పటము మీద అలవలె వంకర తిరుగుతుంది. మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతములలో మాత్రము గీత గీసినట్టు నిలువుగా నిలబడుతుంది. జూన్‌లో పటము పైభాగమంతా వెలుగే, అడుగున అంతా చీకటే. డిసెంబరులో అది తారుమారు. పిల్లలకు భూగోళ పాఠము చెప్పవలెనంటే నెలకొకసారి ఈ పటము చూపించండి, చాలును. ఇంటర్నెట్ లేకపోయినా ఈ లెక్క సాగుతుంది. మబ్బు పట్టిందో లేదో మాత్రము దానికి తెలియదు.

ఇక లెక్కల సంగతి. కువైట్, సౌదీ, ఖతార్, బహ్రెయిన్ మనకంటే రెండున్నర గంటలు వెనుక. దుబాయ్, అబుదాబి, మస్కట్ గంటన్నర వెనుక. సింగపూర్, మలేషియా మనకంటే రెండున్నర గంటలు ముందు. ఈ మూడు అంకెలు గుర్తుంటే ఉద్దానములో ముప్పాతిక ఇళ్ల పని గడుస్తుందని మా అంచనా.

అయితే అంకె తెలిసినంత మాత్రాన వెలుగు తెలిసినట్టు కాదు. సింగపూర్‌నే చూడండి. సూర్యుని లెక్క ప్రకారము ఆ ఊరు గ్రీనిచ్‌కు ఏడు గంటలే ముందుండవలెను. కాని 1982 జనవరి 1 నుండి ఎనిమిది గంటలు ముందు పెట్టుకొన్నారు. అందుచేత ఏడాది పొడుగునా అక్కడ ఉదయము ఏడు ప్రాంతమున గాని పొద్దు పొడవదు. ఆరింటికి డ్యూటీకి పోయేవాడు చీకట్లోనే పోతాడు. కువైట్ ఇందుకు వ్యతిరేకము. జూన్‌లో అక్కడ నాలుగూ యాభైకే సూర్యోదయము. ఎండ మనకంటే పెందలకడ మీద పడుతుంది.

ఆ ఎండ సంగతి మనవారికి ప్రాణముతో పని. కువైట్‌లో జూన్ 1 నుండి ఆగస్టు 31 వరకు పగలు 11 నుండి 4 గంటల దాకా ఆరుబయట పని చేయించరాదని నిబంధన ఉన్నది. ఖతార్‌లో 2021 నుండి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయము 10 నుండి మధ్యాహ్నము మూడున్నర దాకా ఆరుబయట పని నిషేధము. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు పన్నెండున్నర నుండి మూడు దాకా. మన గడియారానికి మార్చుకొంటే కువైట్ విరామము మధ్యాహ్నము ఒకటిన్నర నుండి సాయంత్రము ఆరున్నర వరకు వస్తుంది. ఖతార్‌ది పన్నెండున్నర నుండి ఆరు వరకు. ఎమిరేట్స్‌ది రెండు నుండి నాలుగున్నర వరకు. వేసవిలో ఇంటినుండి ఫోను చేయదలచినవారికి ఇదే మంచి వేళ. జూన్ నెలలో బారువ ఒడ్డున ఆరున్నరకు పొద్దు గుంకుతుంటే, సరిగ్గా ఆ నిమిషానికే కువైట్‌లో మనవాడు హెల్మెట్టు పెట్టుకొని మళ్లీ ఎండలోకి దిగుతుంటాడు. అక్కడ పొద్దు గుంకేసరికి మనకు రాత్రి తొమ్మిదీ ఇరవై. పటము మీద ఆ నీడ అంచు పలాస నుండి కువైట్ దాకా పాకే ఆ మూడు గంటలు చూస్తుంటే, డబ్బు ఎంత దూరమునుండి వస్తున్నదో ఇంట్లో పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఉద్దానమంటే కొబ్బరి, జీడి, పనస మాత్రమే కాదు. మూత్రపిండాల జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసిన ప్రాంతమిది. దాని కారణము నేటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. డయాలసిస్ మంచమెక్కినవారు సుమారు నాలుగు గంటలు కదలక పడుకోవలెను. సూదులు గ్రుచ్చిన చేయి కదపరాదు. రెండవ చేయి ఖాళీయే గనుక ఆ చేతిలో ఫోను పట్టుకొంటారు. ఉదయము 7 గంటల విడతకు మంచమెక్కిన తండ్రికి దోహాలోని కొడుకు ఎప్పుడు దొరుకుతాడు? అక్కడప్పుడు నాలుగున్నర. క్యాంపు బస్సు కోసము లేచే వేళ. మొహము కడుక్కొంటూ నాన్నతో పది నిమిషాలు మాట్లాడవచ్చును. పదకొండింటికి మంచము దిగేసరికి తండ్రి నీరసించి ఉంటాడు, కొడుకు పనిలో ఉంటాడు. ఆ పది నిమిషాలు పోతే ఆ రోజుకు మాట లేదు. వారానికి రెండు మూడు మార్లు మంచమెక్కేవారి ఇంట్లో ఈ వేళలు కాగితము మీద వ్రాసి అంటించుకొంటే మంచిది. ఫోనులో కువైట్ గడియారమునకే అలారము పెట్టుకోవచ్చును గదా అని కొందరడుగుతారు. చాలా ఫోనులలో అలారము మన సమయానికే మోగుతుంది. ముందుగా మార్చుకొని పెట్టుకోవలెను.

దూరదేశమే కానక్కరలేదు. మన మత్స్యకారులు బోట్లమీద పనికి గుజరాత్‌లోని వీరావల్ రేవుకు వెళ్తారు. అక్కడిదీ మనదీ ఒకే గడియారము. ఫోనులో ఏ తేడా కనబడదు. కాని వెలుగు పటము అసలు సంగతి చెప్పేస్తుంది. పలాస సుమారు 84.4 డిగ్రీల తూర్పు రేఖాంశము మీద ఉన్నది, వీరావల్ 70.4 డిగ్రీల మీద. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున యాభైయారు నిమిషాల తేడా. జూన్‌లో మనకు ఐదుంబావుకే తెల్లగా తెల్లవారుతుంది, వీరావల్‌లో ఆరు దాటాలి. ఇక్కడ దీపాలు పెట్టి గంటయినా అక్కడ వలలు బాగుచేసుకొనేంత వెలుగుంటుంది. "ఒకే దేశము, ఒకే టైము" అనుకొనే ఇల్లాలికి, తన భర్త రాత్రి ఏడున్నరకు కూడా ఎండలో ఉన్నానంటే అబద్ధమనిపించుటలో వింత లేదు.

ఒకే దేశానికి ఒకే టైము అన్నది కూడా మన తాతల నాటి ముచ్చటే. 1906 జనవరి 1 నుండి 82.5 డిగ్రీల రేఖాంశమును పట్టుకొని భారత ప్రామాణిక కాలము వచ్చింది. ఆ రేఖ మన కాకినాడ చేరువగా పోతుంది. అంతకుముందు రైళ్లు మద్రాసు కాలము ప్రకారము నడిచేవి. కటకము నుండి విజయవాడ దాకా ఈ తూర్పుతీరపు రైలుమార్గము 1893-1896 నడుమ వేసినప్పుడు, పలాసలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి మద్రాసు కాలములో ఇంకా పన్నెండు కావడానికి పదహారు నిమిషాలు తక్కువ! కలకత్తా తన స్వంత కాలమును 1948 దాకా వదలలేదు, బొంబాయి 1955 దాకా. ఫోను సెట్టింగులలో మన కాలమునకు "ఆసియా, కోల్‌కతా" అని కనబడితే పాఠకులు కంగారు పడవద్దు. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే అమెరికన్ మొదలుపెట్టిన ప్రపంచ కాలమండలాల పట్టిక ఒకటి ఉన్నది. ఫోనులు, కంప్యూటర్లు చాలావరకు దానినే వాడతాయి. అందులో ప్రతి మండలమునకు ఒక ప్రధాన నగరము పేరు పెట్టారు. మనకు కోల్‌కతా వచ్చింది, అంతే.

ఏ దేశమైనా తన టైము మార్చుకొన్నప్పుడు ఆ పట్టికనూ మార్చవలసి వస్తుంది. అమెరికాలో మార్చి రెండవ ఆదివారము గడియారము గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారము గంట వెనుకకు. 2007 నుండి ఇదే పద్ధతి. ఇంగ్లండులో మార్చి, అక్టోబరు చివరి ఆదివారములు. టెక్కలి నుండి డల్లాస్‌కు చదువుకు పోయిన పిల్లవాడు చలికాలములో మనకు పదకొండున్నర గంటలు వెనుక, ఎండాకాలములో పదిన్నరే వెనుక. ఈజిప్టు ఈ పద్ధతిని మానివేసి, 2023లో మరల తెచ్చుకొన్నది. అందుచేత పాత ఫోనులను అప్పుడప్పుడు అప్‌డేట్ చేసుకోవలెను. లేనియెడల అది పాత నిబంధనే చెప్పుతూ కూర్చుంటుంది. గల్ఫు రాజ్యాలలో ఈ ముందు వెనుకల బెడద లేదు, మన అదృష్టము.

మరొక హెచ్చరిక. గడియారపు యాప్‌కు మీరున్న చోటు తెలియుట న్యాయమే. అంతకుమించి మీ ఫోను నంబర్ల పట్టిక, ఫోటోలు, మెసేజీలు చూడనిమ్మని అడిగితే అనుమతి ఇవ్వవద్దు. పొద్దు ఎప్పుడు పొడుస్తుందో చెప్పడానికి మీ బంధువుల నంబర్లు ఎందుకు?

ఓడల్లో పనిచేసేవారి సంగతి వేరు. వారికి ఊరే ఉండదు. ఓడ తూర్పుకు పోతుంటే కొన్ని రోజులకొకసారి గడియారము గంట ముందుకు, పడమరకు పోతుంటే గంట వెనుకకు తిప్పుతారు. ఈరోజు కుదిరిన వేళ వచ్చే వారము కుదరదు. అటువంటివారు బయలుదేరేటప్పుడు రేవుల పేర్లు ఇంట్లో వ్రాసి ఇచ్చి వెళ్తే, ఇంటివారు ఒక్కొక్క రేవును గడియారములో చేర్చుకొంటూ పోవచ్చును.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపములోనే తీరము దాటింది. సమయము నాలుగున్నర, ఐదున్నర మధ్య. కువైట్‌లో అప్పుడు రెండు, మూడు గంటల నడుమ గాఢనిద్ర. సింగపూర్‌లో పనికి బయలుదేరే వేళ. కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకొరిగినవి. కరెంటు స్తంభాలు పడిపోయినవి. సెల్ టవర్లు మూగబోయినవి. ఎన్నో ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. ఊరిలో తెల్లవారిందని గల్ఫులో ఉన్నవాడికి పటము చూపించగలదు గాని, ఇంటి పైకప్పు ఉందో లేదో చూపించలేదు. అటువంటి దినములలో ఏ పట్టణములోని బంధువుకు ముందుగా కబురు చేరవలెనో, ఆయన ఎవరెవరికి చెప్పవలెనో ఇంటింటా ముందే అనుకొని ఉంచుకొనుట అవసరము. మన తీరానికి అక్టోబరు, నవంబరు నెలలు ఎటువంటివో అందరికీ తెలిసినదే.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు మన సంఘాలన్నీ కూడుకొంటాయి. ఆ సాయంత్రము పిల్లలకు ఈ యాప్ ఇచ్చి కూర్చోబెట్టండి. మనకు మధ్యాహ్నము మూడున్నరకే పసిఫిక్‌లోని కిరిబాటి తూర్పు దీవులలో కొత్త సంవత్సరము వచ్చేస్తుంది. నాలుగున్నరకు న్యూజిలాండ్. ఆరున్నరకు సిడ్నీ. తొమ్మిదిన్నరకు సింగపూర్‌లోని మనవారు శుభాకాంక్షలు పంపుతారు. ఇక్కడ గుడిలో ఆరాధన ముగించుకొని ఇల్లు చేరిన తరువాత, ఒకటిన్నరకు దుబాయ్, రెండున్నరకు కువైట్. నిద్ర ఆపుకోగలిగినవారు ఆ ఫోను కోసము కూర్చుంటారు. ఉదయము ఐదున్నరకు లండను, పదిన్నరకు న్యూయార్కు. జనవరి 1 సాయంత్రము నాలుగున్నరకు, మన పిల్లలు పండుగ బట్టలతో ఆడి అలసిపోయిన వేళకు, అమెరికన్ సమోవా దీవులలో అర్ధరాత్రి గంటలు మ్రోగుతాయి.